సరస్సు అడుగు నుంచి లేచిన దీవి

ఇండోనేసియాలో సుమత్రా దీవిపై ఉన్న తోబా సరస్సు మధ్యలోని సమోసిర్, ఒకప్పుడు ఆ సరస్సు అడుగుభాగమే. సుమారు 74 వేల ఏళ్ల కిందట ఇక్కడి అగ్నిపర్వతం పేలి, లోపలి మాగ్మా వెలుపలికి రావడంతో నేల కుంగింది. దాదాపు 100 కిలోమీటర్ల పొడవైన గొయ్యి ఏర్పడి నీటితో నిండింది. నాటి బూడిద పొర మన నంద్యాల జిల్లా జ్వాలాపురంలో నేటికీ కనిపిస్తుంది! తర్వాత అడుగున మళ్లీ చేరిన మాగ్మా సరస్సు నేలను వందల మీటర్లు పైకి నెట్టింది. సమోసిర్ కొండలపై దొరికే సరస్సు ఒండ్రే దీనికి సాక్ష్యం.

పర్యాటకులు పరాపట్ రేవులో ఫెర్రీ ఎక్కి, బతక్ ప్రజల జీను ఆకారపు కప్పుల ఇళ్లు చూడటానికి వెళ్తారు. ప్రశాంతంగా కనిపించే ఆ నీరు కొన్నిచోట్ల 500 మీటర్ల లోతు. 2018 జూన్‌లో సమోసిర్ నుంచి కిక్కిరిసి బయలుదేరిన ఫెర్రీ ఒకటి మునిగి, 160 మందికి పైగా గల్లంతయ్యారు. సుమారు 450 మీటర్ల లోతులో దాన్ని గుర్తించినా పైకి తీయలేకపోయారు.