ఒక రక్తపు బొట్టు – నాలుగు కణజాలాలు

రాత్రి పది గంటలు దాటినది. పుదుచ్చేరి పట్టణంలోని సారం పేటలో ఒక ఇంటి అరుగుమీద, దీపపు వెలుగులో, ఆరోగ్య కార్యకర్త ఒకరు గృహస్థుని వ్రేలిని సూదితో గుచ్చుతున్నట్లు ఊహించుకుందాం. ఒక్క క్షణం చురుక్కుమంటుంది. చేయి తనంతట తానే వెనక్కు లాగుకొంటుంది. ఎర్రని బొట్టు ఒకటి పైకి ఉబికి, గాజుపలక మీదికి చేరుతుంది. కొద్దిసేపటికే రక్తం ఆగిపోతుంది. గృహస్థుడు నిద్రకు ఉపక్రమిస్తాడు.

రక్తం తీయడానికి రాత్రివేళే ఎందుకు? బోదకాలు కలిగించే బాన్‌క్రాఫ్ట్ ఫైలేరియా క్రిమి పిల్లలు పగలు లోపలి అవయవాల రక్తనాళాలలో దాగి, రాత్రి చర్మం చెంతకు వస్తాయి. మురుగునీటిలో పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టే వేళ కూడా అదే. ఈ వ్యాధి పుదుచ్చేరికి చిరపరిచితం. దోమల వంటి వ్యాధివాహకాలను అదుపు చేసే మార్గాలు కనుగొనేందుకు భారత వైద్య పరిశోధనా మండలి 1975లో ఇక్కడ ఒక పరిశోధనా కేంద్రాన్ని స్థాపించినది. 1981 నుండి 1985 వరకు పట్టణంలో ఫైలేరియా నివారణకై పెద్ద ప్రయోగం ఒకటి సాగినది.

అయితే ఆ సూదిపోటులో మరొక పాఠమున్నది. మానవునిలోనే కాదు, ఆవులో, కాకిలో, కప్పలో సైతం దేహనిర్మాణానికి ఆధారమైన నాలుగు రకాల కణజాలాలు ఆ ఒక్క క్షణంలో తమ తమ పనులు చేసినవి. ఒకే విధమైన పనికై కూడిన కణాల సముదాయమే కణజాలం. జాలమనగా వల. ఫ్రెంచివారు దీనికి పెట్టిన పేరుకు నేసిన వస్త్రమని అర్థం. ఆ పేరును శరీరశాస్త్రంలో స్థిరపరచిన క్సావియే బిషా 1771లో జన్మించి, ముప్పది ఏండ్ల వయసులోనే, 1802లో మరణించాడు. సూక్ష్మదర్శిని మీద ఆయనకు నమ్మకం లేదు. శవాలను కోసి, నానబెట్టి, ఉడకబెట్టి, ఆమ్లాలలో ముంచి పరీక్షించి, దేహంలో 21 రకాల కణజాలాలున్నవని వర్ణించాడు. వ్యాధి సోకేది మొత్తం అవయవానికి కాదు, అందలి ఒకానొక కణజాలానికని ఆయన బోధ. తరువాతి శాస్త్రజ్ఞులు సూక్ష్మదర్శిని సాయంతో ఆ 21 రకాలను నాలుగు ప్రధాన తరగతులుగా కుదించారు. బిషా గతించిన 21 ఏండ్లకు, 1823లో, ఫ్రెంచివారు పుదుచ్చేరిలో వైద్యపాఠశాల నెలకొల్పారు. నేటి జిప్మర్ వైద్యసంస్థ చరిత్ర అక్కడినుండే ఆరంభమవుతున్నది.

సూది మొదట తాకినది ఉపకళా కణజాలాన్ని. శరీరపు వెలుపలి తలాన్నీ, లోపలి గొట్టాలనూ కప్పి ఉంచేది ఇదే. దీని కణాలు ఇటుకలవలె ఒత్తుగా అమరి ఉంటాయి. నడుమ రక్తనాళాలుండవు. చర్మంలో ఈ కణాలు అనేక వరుసలు. పైవరుస రాలిపోతుంటే అడుగునుండి క్రొత్తవి పుట్టుకువస్తాయి. ఊపిరితిత్తుల గాలిగదులలో మాత్రం ఒకే ఒక పలుచని వరుస. అందుచేతనే ప్రాణవాయువు సులభంగా రక్తంలో చేరగలుగుతున్నది. చిన్నప్రేగులో ఈ పొర వేలాది సూక్ష్మమైన ముడుతలుగా, వ్రేళ్లవంటి చూషకాలుగా పైకి లేచి ఆహారసారాన్ని పీల్చుకొంటుంది. ఆ చూషకాలు చదునైతే, ఎంత తిన్నా వంటబట్టదు. ఉష్ణదేశాలలో కనిపించే స్ప్రూ వ్యాధి లక్షణమదే.

1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు సోదరులిద్దరు ఈ వ్యాధికే బలి అయ్యారు. మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికాలోని బోస్టన్ నగరం చేరిన ఆయన అనంతర కాలంలో లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించాడు. ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినది. అది స్ప్రూ రోగులకు ఔషధమైనది.

చర్మం పైపొర దాటగానే సూది సంయోజక కణజాలంలో ప్రవేశించినది. దీనిలో కణాలు తక్కువ, వాటి నడుమ ఉండే పదార్థం ఎక్కువ. ఆ పదార్థం ఎట్టిదో కణజాలం స్వభావం అట్టిది. కాల్షియం లవణాలతో గట్టిపడితే ఎముక. వంగే గుణముంటే చెవిలోని మృదులాస్థి. కొలాజెన్ పోగులు త్రాడువలె పేనుకొంటే కండరాన్ని ఎముకకు కట్టే స్నాయుబంధనం. కణాలలో క్రొవ్వు నిండితే దేహానికి కంబళి, కరువుకాలపు గాదె. నడిమి పదార్థం ద్రవమైతే రక్తం. రక్తం కూడ సంయోజక కణజాలమేనంటే విద్యార్థులు మొదట ఆశ్చర్యపడతారు. కాని అది ఎముకల మూలుగలో పుట్టి, దేహభాగాలన్నింటినీ కలుపుతూ ప్రవహిస్తున్నది. ఒక ఎర్రకణం ఆయువు దాదాపు 120 దినాలు.

ఈ కణజాలం గతి తప్పితే ప్రాణాపాయమే. మూలుగలో తెల్లకణాలు హద్దు మీరి పెరగడం ల్యుకేమియా. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి, దాని పనికి అడ్డుపడే అమినోప్టెరిన్ అనే మందు సుబ్బారావు బృందం తయారుచేసినదే. దానిని సిడ్నీ ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చి, వారిలో పదిమందికి తాత్కాలికంగా గుణం కనిపించినదని 1948లో ప్రకటించాడు. వ్యాధి మరల తిరగబెట్టినది. అయినను పిల్లల ల్యుకేమియాకు చికిత్స సాధ్యమేనన్న ఆశ అక్కడ మొలకెత్తినది. ఆ మందుకు సోదరమైన మెథోట్రెక్సేట్ నేటికీ వాడుకలో ఉన్నది.

చేతిని వెనక్కు లాగినది కండర కణజాలం. చిత్రమేమంటే వ్రేళ్లలో కండరాలు లేవు. వాటిని ఆడించేవి అరచేతిలోను, ముంజేతిలోను ఉండి స్నాయుబంధనాల ద్వారా లాగుతాయి. ఇవి మన ఇచ్ఛకు లోబడే చారల కండరాలు. గాయపడిన చిన్న రక్తనాళాన్ని బిగించి రక్తస్రావం తగ్గించినవి మన ఆజ్ఞ కోరని నునుపు కండరాలు. గాజుపలక మీదికి వచ్చిన ఆ బొట్టును వ్రేలిదాకా నెట్టినది జీవితాంతం విశ్రమించని హృదయ కండరం. కండరానికి శక్తి ఎక్కడిది? 1922 సంవత్సరపు నోబెల్ బహుమానానికి ఎన్నికైన హిల్, మయర్‌హాఫ్‌ల పరిశోధనలు లాక్టిక్ ఆమ్లానికి ప్రాధాన్యమిచ్చినవి. హార్వర్డ్‌లో ఫిస్కే, సుబ్బారావు 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియేటిన్‌ను, 1929లో అడినొసిన్ ట్రైఫాస్ఫేట్‌ను వెలికితీశారు. అదే ఏట జర్మనీలో లోమన్ కూడ విడిగా రెండవదానిని కనుగొన్నాడు. కండరపు పనికి చేతిఖర్చు అడినొసిన్ ట్రైఫాస్ఫేట్. అది తరుగుతుంటే వెంటనే పూరించే నిలువ ధనం ఫాస్ఫోక్రియేటిన్.

చురుక్కుమన్న సంగతి తెలిపినది నాడీ కణజాలం. శాఖలతో వార్తను గ్రహించి, పొడవైన తంతువు ద్వారా దానిని ముందుకు పంపడం నాడీకణపు పని. వేగవంతమైన తంతువులలో వార్త సెకనుకు 100 మీటర్ల వరకు పయనించగలదు. చేయి లాగుకొమ్మన్న ఆజ్ఞ వెన్నుపాము నుండే వెడలుతుంది. నొప్పి మెదడుకు తెలిసేది ఆ తరువాతనే. చర్మంవలె ఈ కణజాలం తిరిగి పెరగదు. మెదడులో నశించిన కణాల స్థానంలో క్రొత్తవి పుట్టడం అత్యల్పం. కనుకనే పక్షవాతం అంత క్రూరమైనది.

ఇక ఆ గాజుపలక సంగతి. దానిలో ఫైలేరియా పిల్లలు కనిపిస్తే, గృహస్థునికి ఇచ్చే డైఇథైల్‌కార్బమజీన్ అనే మందు కూడ 1947లో సుబ్బారావు బృందం నుండి వెలువడినదే. 1955లో ఆరంభమైన మన దేశపు ఫైలేరియా నివారణ కార్యక్రమం దానిని వాడుతూ వచ్చినది. కాని ఆ మందు రక్తంలోని పిల్లలను నశింపజేయగలదే తప్ప, పెద్ద క్రిములవల్ల చెడిపోయిన శోషరస నాళాలను బాగుచేయలేదు. ఒకమారు ఏనుగుకాలైనది తిరిగి పూర్వస్థితికి రావడం దుర్లభం. అట్టివారు కాలిని దినదినం సబ్బుతో కడిగి, తడి లేకుండ తుడుచుకొని, చర్మం చిట్లకుండ కాపాడుకోవాలని వైద్యుల సలహా. ఒక కణజాలం దెబ్బతిన్నవేళ మరొకటి కోటగోడ కావాలి.

ఉబ్బిన కాలు అందరి కంటా పడుతుంది. దానికి ఏండ్ల ముందే రక్తంలో చేరిన క్రిమి మాత్రం రాత్రివేళ తీసిన బొట్టులో పట్టుబడగలదు. సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏండ్లకే, న్యూయార్కులో కన్నుమూశాడు. సారంలోని గృహస్థుని వ్రేలిమీద గాటు వారం తిరగకుండ మాసిపోతుంది. చురుక్కుమన్న ఆ క్షణానికి వెరచి చేయి చాచకపోతే కలిగే నష్టం జీవితాంతం మాయదు.