మెలట్టూరు పిల్లలకు తెలుగు ఎలా వస్తోంది?

తంజావూరు జిల్లా మెలట్టూరులో ఏటా నృసింహ జయంతికి రాత్రంతా తెలుగు నాటకం ఆడతారు. చూసేవారిలో చాలామందికి నిత్యవ్యవహారం తమిళంలోనే, ఆడేవారికీ అంతే. నాయక రాజులు (1532-1673), వారి తరువాత మరాఠా రాజులు తెలుగును ఆదరించిన సీమ అది. మరాఠాల కాలంలో ఆ ఊరి వేంకటరామశాస్త్రి రాసిన 'ప్రహ్లాద చరిత్రము' మొదలైన నాటకాలే ఈ భాగవతమేళకు ఆధారం.

స్త్రీ పాత్రలు కూడా పురుషులే ధరిస్తారు. ప్రహ్లాదుడి వేషం బాలుడిది. ఇక్కడే మనం ఆగి చూడవలసిన విషయం ఒకటి ఉంది. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. దరువును ఆ లిపిలో రాసుకొంటే 'గురువు', 'కురువు' ఒకలాగే కనిపిస్తాయి. కనుక పిల్లవాడు గురువు నోట విని, పాడి, అడుగు వేసి నేర్చుకోవలసిందే. దీర్ఘం తాళంలో ఎంతసేపు నిలవాలో కాలికి తెలుస్తుంది. మన తరగతిలో జరిగేది దీనికి తలకిందులు: ముందు అక్షరమాల, ఆపైన పరీక్ష, పాట వార్షికోత్సవానికి మాత్రమే!

హోసూరులోనో బరంపురంలోనో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ లిపి రాని విద్యార్థులు మనలో ఎందరో. లిపి వచ్చేదాకా సాహిత్యం జోలికి పోవద్దనడం మాకు సమ్మతం కాదు. మెలట్టూరు వేషధారులలో పలువురు దూర నగరాలలో ఉద్యోగాలు చేసుకొనేవారే. సెలవు పెట్టి వచ్చి గజ్జె కడతారు.

మీ ఇంట్లో అమ్మమ్మకు వచ్చిన పెండ్లిపాట ఒకటి, మీకు వచ్చిన లిపిలోనే రాసి తరగతికి తీసుకురండి. ఏ అక్షరం చాలలేదో అక్కడ గీత గీయండి. తెలుగు అక్షరాల పాఠం అక్కడినుంచి మొదలుపెడదాం.