స్టెప్నీ ఒక వీధి పేరు!

డ్యాష్‌బోర్డు కారు కంటే పాతది. గుర్రపు బగ్గీ పరుగెడుతుంటే డెక్కల నుంచి ఎగిరే బురద తోలేవాడి మీద పడకుండా ముందు భాగంలో చెక్కతోనో తోలుతోనో అడ్డం కట్టేవారు. ఆ అడ్డమే డ్యాష్‌బోర్డు. గుర్రం పోయినా అడ్డం పోలేదు. అమెరికాలో 1901లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ కారుకు ముందు వంపు తిరిగిన డ్యాష్ ఉండేది. ఆ కారును జనం 'కర్వ్‌డ్ డ్యాష్' అనే పిలిచారు. ఇంజను ముందుకు చేరాక, దానికీ మనుషులకూ మధ్య ఆ పలకే గోడగా నిలిచింది. మీటర్లు కూడా దానిమీదికే చేరాయి.

మనం సామాను పెట్టే డిక్కీ ఒకప్పుడు మనుషులు కూర్చునే చోటు. బగ్గీ వెనక నౌకర్ల సీటును అలా అనేవారు. తర్వాత ఇద్దరు పట్టే కార్లలో వెనక మూత తెరిస్తే మరో సీటు బయటపడేది. దానికి కప్పు ఉండేది కాదు, ఎండా వానా అందులో కూర్చున్నవాళ్లవే.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన కథ స్టెప్నీది. తొలినాటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చరైతే రోడ్డు పక్కన కూర్చుని ఇనుప బద్దలతో టైరును రిమ్ము నుంచి పెకలించాలి, ట్యూబు లాగి అతుకు వేయాలి, మళ్లీ ఎక్కించి చేతిపంపుతో గాలి కొట్టాలి. వాన పడుతున్నా, చీకటి పడినా అంతే.

బ్రిటన్‌లోని వేల్స్‌లో లానెల్లీ అనే ఊళ్లో థామస్ మోరిస్ డేవీస్ 1904లో దీనికి విరుగుడు కనిపెట్టాడు. ఆకులు లేని వట్టి రిమ్ము, దానికి ముందే గాలి నింపిన టైరు. పంక్చరైన చక్రం పక్కన ఆనించి క్లాంపులతో బిగిస్తే చాలు, పాత చక్రం విప్పే పనే లేదు. ఎంత తేలికైన ఆలోచన! ఆయన పనిచేసిన వీధి పేరు స్టెప్నీ స్ట్రీట్. ఆ పేరే చక్రానికి పెట్టారు.

చక్రాన్నే ఊడదీసి మార్చుకునే పద్ధతి వచ్చాక ఆ క్లాంపుల రిమ్ము మూలపడింది. పేరు మాత్రం మన దేశంలోనూ మాల్టాలోనూ నిలిచిపోయింది. బ్రెజిల్‌లో అది 'ఎస్టెపీ' అయింది.

దూరప్రయాణానికి బయల్దేరేటప్పుడు నాలుగు టైర్లతో పాటు స్టెప్నీలో కూడా గాలి చూపించుకోండి. మీ కారుకు సన్నటి స్టెప్నీ ఇచ్చి ఉంటే, దాని మీద రాసిన వేగం ఒకసారి చదవండి. సాధారణంగా అది గంటకు 80 కిలోమీటర్లే.