సంఘశాస్త్ర పరిశోధనలో ఛాయాచిత్రముల స్థానము

మన ఇండ్లలో ట్రంకుపెట్టెల అడుగునను, నడవ గోడలమీదను పాత ఫొటోలు కలవు. పెండ్లినాటివి కొన్ని, పిల్లవాని పుట్టువెండ్రుకలు తీయించిననాటివి కొన్ని, మగ్గము ముందో అంగడి ముందో తీయించుకొన్నవి మరికొన్ని. వానిని మనము జ్ఞాపకములుగా చూతుము. సంఘజీవనమును పరిశీలించువారు ఆధారములుగా చూతురు. శాసనమును చదువుటకు లిపి తెలిసియుండవలెను. పటమును చదువుటకును అట్లే ఒక పద్ధతి కలదు. అది యెట్లు ఏర్పడినదో, తరతరములుగా ఇతర రాష్ట్రములలో స్థిరపడిన తెలుగువారికి అది ఏల ముఖ్యమో ఇచట వివరింప యత్నించెదను.

చిత్రము సంఘచరిత్రకు ఆధారమగుట కెమెరాతో మొదలైనది కాదు. లేపాక్షి వీరభద్రాలయపు కప్పుమీద 16వ శతాబ్దిలో చిత్రింపబడిన బొమ్మలలో ఆలయనిర్మాతయైన విరూపణ్ణయు, అతని సోదరుడు వీరణ్ణయు పరివారముతో కానవచ్చుదురు. పురుషుల తలలపై పొడవైన కుళ్ళాయిలు, స్త్రీల చీరలపై నానావిధములైన అంచులు, చారలు కలవు. నేతపని చరిత్ర వ్రాయగోరువారికి ఇంతకు మించిన ఆధారము దొరకుట కష్టము. మధుర పుదుమండపములోని నాయకరాజుల ప్రతిమలును ఇట్టివే. కాని ఈ రెండుచోట్లను కనబడువారు దాతలు, ప్రభువులు. ఆ చీర నేసినవాడు అందు లేడు. కావున ఏ పటమునైనను మొదట అడుగవలసిన ప్రశ్న యిది: దీనిని ఎవరు తీయించిరి, ఎందులకు తీయించిరి?

ఐరోపాలో 1839లో ఛాయాచిత్రకళ వెల్లడియైన కొలది యేండ్లకే అది మన దేశమునకు వచ్చెను. 1857 తిరుగుబాటు తరువాత దొరతనమువారు ప్రజలను తెలిసికొనవలెనని సంకల్పించి, 1868 మొదలు 1875 వరకు ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అను సంపుటములు ఎనిమిది వెలువరించిరి. పిదప మద్రాసు మ్యూజియం అధ్యక్షుడైన ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి సాయమున, 1909లో దక్షిణదేశపు కులములను గూర్చి ఏడు సంపుటములు ప్రకటించెను. తెలుగు కులములకు అందు చాల చోటు కలదు. కాని ఆ పటములలో నిలిచినవారికి చాలవరకు పేర్లు లేవు. మనుష్యుని పేరు పోయి కులము పేరు మిగిలినది. థర్‌స్టన్ మనుష్యుల తలలను, ముక్కులను కొలిచినవాడు. ఆయన పటములు ఆ కొలతలకు తోబుట్టువులు. అయినను వానిని త్రోసిపుచ్చవలసిన పనిలేదని నా అభిప్రాయము. నగలు, పనిముట్లు, గుడిసెల కట్టుబడి వానిలో నిలిచియున్నవి. తీసినవాడు చూపదలచినదానికంటె పటములో ఎక్కువే పడును. అదియే మనకు లాభము.

పరిశోధనలో ఛాయాచిత్రమునకు నిజమైన క్రమశిక్షణ తెచ్చినవారు గ్రెగరీ బేట్సన్, మార్గరెట్ మీడ్ అను దంపతులు. వీరు 1936లో బాలిద్వీపమునకు వెళ్ళి, ఇంచుమించు 25,000 పటములు తీసిరి. ఆయన కెమెరా పట్టియుండగా ఆమె ప్రక్కనే కూర్చుండి, జరుగుచున్నదానిని గడియారపు వేళతోసహా వ్రాసికొనుచుండెను. తల్లి బిడ్డను ఎత్తుకొను తీరు, ఏడ్చు బిడ్డకు చేయు సమాధానము, ఇట్టివి మాటలలో చెప్పిన పట్టుబడవు. 1942లో వెలువడిన వారి గ్రంథమున 759 పటములు వరుసలు వరుసలుగా కూర్చబడినవి. వ్రాతలేని పటము మూగదనియు, పటములేని వ్రాత అనుమానాస్పదమనియు వారు గ్రహించిరి.

మనకు ఇంతకంటెను దగ్గరగా వచ్చు పద్ధతి జాన్ కాలియర్ అను అమెరికా పరిశోధకునిది. కెనడాలో ఒక జిల్లా ప్రజలను పరిశీలించు సందర్భమున ఆయన కొందరిని కేవలము ప్రశ్నలు అడిగి, మరికొందరిని పటములు ముందుంచి అడిగి, ఫలితమును 1957లో ప్రకటించెను. వట్టి ప్రశ్నలకు జవాబులు చెప్పువారు త్వరగా అలసిపోయిరి. చెప్పినదే మరల చెప్పిరి. పటము ముందున్నవారు విసుగులేక, వివరముగా చెప్పిరి. కారణము సులభముగానే తెలియును. ప్రశ్న అడిగినపుడు పెద్దవారు తామేదో పరీక్షకు కూర్చున్నట్లు బిగుసుకొందురు. పటము చేతికిచ్చినచో ఇరువురును దానివంక చూతురు. అపుడు చెప్పువారే గురువు, అడుగువాడు శిష్యుడు. “తాతగారూ, తమరు ఈ ఊరికి ఎపుడు వచ్చినారు?” అని అడిగిన ఒక ముక్కతో ముగించు వృద్ధుడు, ఒక్క ఫొటో చూపగానే వెనుక నిలుచున్న బావమరిదితో మొదలుపెట్టి, అప్పటి యింటి అద్దెవరకు చెప్పుకొనిపోవును. ఈ పద్ధతికి వేలకొలది పటములు అక్కరలేదు. పది చాలును.

సోలాపురపు పద్మశాలీలు, బొంబాయి కామాఠీలు, బరంపురపు తెలుగువారు, 1954 వరకు ఫ్రెంచివారి పాలనలోనున్న యానాం వాసులు, తమిళ కన్నడ దేశములలోని తెలుగు కుటుంబములు: వీరిలో పెక్కుమంది యింట తెలుగు మాటలాడియు, బడిలో వేరు లిపి నేర్చినవారు. అందుచే వ్రాతమూలకమైన తెలుగు ఆధారము ఎందరో ఇండ్లలో లేదు. పటము కలదు, మాట కలదు. ఒక పెండ్లిపటమును తీసికొనుడు. కూర్చున్నవారెవరు, నిలిచినవారెవరు? పైట ఏవైపున ఉన్నది, అది పుట్టింటి కట్టా, ఆ యూరి కట్టా? వెనుక వ్రాసిన పేర్లు ఏ లిపిలో ఉన్నవి? తెలుగు మాట అరవ అక్షరములలో వ్రాసియుండిన, ఆ ఒక్క పంక్తియే ఒక అధ్యాయమగును. కాని తొందరపడరాదు. స్టూడియోలవారు కోటు, గడియారము, పుస్తకము, కుర్చీ తామే సమకూర్చుట వాడుక. చేతిలో పుస్తకమున్నంతమాత్రమున చదువరి యని వ్రాసినవాడు నవ్వులపాలగును.

చేయవలసిన పని మిక్కిలి సామాన్యమైనది. ప్రతి పటమునకు ఒక సంఖ్య ఇచ్చి, ముందువైపున ఏమియు వ్రాయక, వేరు కాగితముమీద పేర్లు, బంధుత్వములు, ఊరు, ఇంచుమించు సంవత్సరము వ్రాయవలెను. పెద్దలు చెప్పుచుండగా సెల్‌ఫోనులో వారి కంఠమును నిలుపుకొనవచ్చును. మాట మారిన తీరు, యాస, అందులోనే దక్కును. ఇద్దరు పెద్దలు రెండు విధములుగా చెప్పినచో రెండును వ్రాయవలెను. తగవు వచ్చినచోటనే తరచుగా విషయము దాగియుండును. పేరు చెప్పగలవారు ఒకరిద్దరే మిగిలిన పటములను ముందు చేపట్టవలెను. తక్కినవి కొంత ఆగగలవు.

ఇంకొక మాట. ఇంటివారు చూపినంతమాత్రమున పటము మనదికాదు. విడిపోయిన సంబంధములు, తెగిపోయిన పాలివారు, చిన్ననాడే పోయిన బిడ్డలు అందు ఉందురు. కొందరు చూపుదురు, చెప్పుదురు, అచ్చువేయవలదందురు. అట్టిదానిని, వారు అనుమతించినంతవరకు, పేర్లు మార్చి మాటలలోనే వ్రాసి, పటమును తిరిగి వారి పెట్టెలోనే పెట్టించవలెను.