ఎంబెడెడ్ బోర్డుకు కెర్నల్ ట్రేసింగ్ ప్యాకేజీ తయారీ

విద్యార్థులారా! ఎంబెడెడ్ బోర్డుల్లో కొన్ని లోపాలు ప్రయోగశాలలో కనబడవు. రోజుల తరబడి పనిచేశాక ఎప్పుడో ఒకసారి తలెత్తుతాయి. ప్రోగ్రాంలో ప్రింట్ వాక్యాలు చేర్చి వెతకబోతే, వాటికి పట్టే సమయం వల్ల లోపం మాయమైపోవచ్చు. అందుకే కెర్నల్‌లో ఏ క్షణాన ఏం జరిగిందో తక్కువ భారంతో నమోదు చేసే ట్రేసింగ్ అవసరం. లినక్స్‌లో ఇందుకు ఉపయోగపడే సాధనాల్లో ఎల్‌టీటీఎన్‌జీ ఒకటి.

ఇది ఒకే ప్రోగ్రాం కాదు. దీని భాగాలు ఇవి:

(అ) మాడ్యూల్స్: కెర్నల్ లోపలి సంఘటనలను నమోదు చేస్తాయి.
(ఆ) టూల్స్: నమోదును ప్రారంభిస్తాయి, ఆపుతాయి, ఫలితాన్ని భద్రపరుస్తాయి.
(ఇ) యూఎస్‌టీ లైబ్రరీ: అప్లికేషన్లలోని సంఘటనలకు. కెర్నల్ ట్రేసింగ్ ఒక్కటే చాలనుకుంటే దీన్ని వదిలేయవచ్చు.

ట్రేస్ బైనరీ రూపంలో ఉంటుంది. దాన్ని చదివించే బేబెల్‌ట్రేస్ అనే మరో సాధనాన్ని బోర్డులో పెట్టనక్కరలేదు. మీ కంప్యూటర్‌లో ఉంటే చాలు. బోర్డులో స్థలం తక్కువ కదా!

బిల్డ్‌రూట్, యోక్టో రెండింటిలోనూ వీటి ప్యాకేజీలు సిద్ధంగా ఉన్నాయి. అయినా ఒక నియమం మరవకూడదు: బోర్డులో నడిచే కెర్నల్ ఏదో, సరిగ్గా దాని సోర్సు, దాని కాన్ఫిగరేషన్‌తోనే మాడ్యూల్స్‌ను కంపైల్ చేయాలి. ప్రతి మాడ్యూల్‌లోనూ కెర్నల్ వెర్షన్‌ను తెలిపే ఒక ముద్ర ఉంటుంది. అది కలవకపోతే కెర్నల్ మాడ్యూల్‌ను తిరస్కరిస్తుంది.

నా విద్యార్థులు కొందరు ఒకసారి కెర్నల్‌ను మార్చి, మాడ్యూల్స్‌ను పాతవే ఉంచారు. 'ఇన్‌వ్యాలిడ్ మాడ్యూల్ ఫార్మాట్' అన్న సందేశం చూసి రెండు రోజులు తమ కోడ్‌లో తప్పు వెతికారు. తప్పు కోడ్‌లో లేదు. కెర్నల్ మారినప్పుడల్లా మాడ్యూల్స్ కూడా మళ్లీ తయారు కావాలి.

కెర్నల్ కాన్ఫిగరేషన్‌లో లోడబుల్ మాడ్యూల్స్, ట్రేస్‌పాయింట్లు, హై రిజల్యూషన్ టైమర్లు ఉన్నాయో లేదో ముందే చూసుకోండి. ఫ్లాష్ మెమరీ చిన్నదైతే స్నాప్‌షాట్ పద్ధతి వాడండి. ఇందులో కొత్త సంఘటనలు మెమరీ బఫర్‌లోని పాతవాటి స్థానంలో చేరుతూ ఉంటాయి. మీరు కోరినప్పుడే ఫైలుగా మారతాయి. నెట్‌వర్క్ ఉంటే ట్రేస్‌ను నేరుగా మీ కంప్యూటర్‌కే పంపవచ్చు.

బోర్డు వినియోగదారుడి చేతికి వెళ్లాక ఇవన్నీ చేర్చడం కష్టం. కాబట్టి ట్రేసింగ్‌కు చోటు మొదటి ఇమేజ్‌లోనే కల్పించండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి
1. బేబెల్‌ట్రేస్‌ను బోర్డులో ఎందుకు పెట్టనక్కరలేదు?
2. కెర్నల్‌ను మార్చినప్పుడు మాడ్యూల్స్‌ను మళ్లీ ఎందుకు కంపైల్ చేయాలి?