బొత్తాం కింద రేకు కప్ప

పెద్ద బజార్లలో ఆటల యంత్రాలు మీలో కొందరు చూసే ఉంటారు. మనిషంత ఎత్తు పెట్టె, దాని ముఖాన తెర, తెర కింద ఏటవాలు బల్ల, బల్ల మీద ఒక పిడి, పిడి పక్కన రంగురంగుల గుండ్రని బొత్తాలు. పిడి వంచితే తెర మీది వీరుడు కదులుతాడు. బొత్తాం నొక్కితే గెంతుతాడు, తుపాకి పేలుస్తాడు. 1980 ప్రాంతంలో అమెరికాలోనూ, జపానులోనూ పిల్లలు గుప్పిట్లో నాణేలు పట్టుకుని ఈ యంత్రాల ముందు బారులు తీరేవారు. ఇప్పుడు ఆ యంత్రాలు బాగా తగ్గిపోయాయి గాని వాటి మీద మోజు తగ్గలేదు. అందుచేత చాలామంది ఆ ఏటవాలు బల్లను ఇంట్లోనే తయారు చేసుకుని, దాన్ని కంప్యూటరుకు తగిలించి పాత ఆటలు ఆడుకుంటున్నారు.

ఈ పని పెట్టుకున్నవాళ్లు మొట్టమొదట చూసేది బొత్తాల రంగు. ఎర్రవి కొందామా, పచ్చవి కొందామా, లోపల దీపం వెలిగేవి కొందామా అని తర్కించుకుంటారు. నిజానికి రంగు అన్నిటికన్నా చివర చూడవలసిన సంగతి. పైకి కనిపించే ప్లాస్టిక్ మూత ఏ పనీ చెయ్యదు. మన వేలి బరువును కిందికి దించుతుంది, అంతే. అసలు పని చేసేది దాని కింద, బల్ల చాటున ఉండే చిన్న స్విచ్చి. ఈ స్విచ్చిలు ముఖ్యంగా రెండు జాతులు.

మొదటి జాతి చాలా సాదా అయినది. పాతకాలపు టార్చిలైటు విప్పి చూస్తే లోపల ఒక ఇత్తడి రేకు కనిపిస్తుంది. మీట ముందుకు తోస్తే ఆ రేకు వెళ్లి మరొక లోహపు ముక్కను తాకుతుంది, దీపం వెలుగుతుంది. రేకు స్విచ్చి కూడా అలాటిదే. రెండు సన్నని, వంగే లోహపు రేకులు ఒకదాని పక్కన ఒకటి, మధ్య కొద్దిపాటి సందుతో ఉంటాయి. బొత్తాం దిగి ఒక రేకును వంచుతుంది. అది రెండోదాన్ని తాకగానే విద్యుత్తు ప్రవహిస్తుంది. వేలు తీస్తే రేకు తన స్థానానికి తిరిగి వస్తుంది. చప్పుడన్నది ఉండదు.

తొలినాటి ఆటల యంత్రాలలో చాలావాటికి ఇవే ఉండేవి. 1979 లో అటారి కంపెనీ "ఆస్టరాయిడ్స్" అనే ఆటను తెచ్చింది. అందులో అంతరిక్షనౌకను నడపటానికి పిడి లేనే లేదు. అయిదు బొత్తాలు మాత్రమే. ఎడమకు తిరగటానికి ఒకటి, కుడికి ఒకటి, ముందుకు పోవటానికి ఒకటి, పేల్చటానికి ఒకటి, ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాయమై మరొకచోట తేలటానికి ఒకటి. ఇలాటి ఆటలో వేలు క్షణం తీరిక లేకుండా ఆడుతూ ఉండాలి. రేకు స్విచ్చి తాకే చోటూ, విడిపోయే చోటూ దాదాపు ఒకటే. వేలిని పూర్తిగా పైకి ఎత్తనక్కర లేదు. ఆ చోటనే కొద్దిగా వణికించినట్టు చేస్తే చాలు, గుళ్లు వరసగా పేలతాయి. పైగా సందు ఎక్కువయిందనిపిస్తే రేకును కొంచెం వంచి సరిచేసుకోవచ్చు. వీణ తీగ బిగించుకున్నట్టు ఎవరి వేలికి తగినట్టు వారు బిగించుకోవచ్చునన్నమాట.

అయితే ఇదే దాని లోపం కూడా. రోజూ వందలమంది బాదితే రేకులు వంకరపోతాయి, మొనల మీద మురికి చేరుతుంది. యంత్రాల యజమాని మాటిమాటికీ పెట్టె తెరిచి చూసుకోవలసి వచ్చేది. (మురికి పోవటానికి రెండు మొనల మధ్య శుభ్రమైన మందపాటి కాగితం పెట్టి, మెల్లిగా నొక్కి లాగితే సాధారణంగా సరిపోతుంది. మొనలకు బంగారు పూత ఉంటే గరుకు కాగితంతో ఎన్నడూ రుద్దరాదు.) క్రమంగా యజమానులు రెండో జాతి స్విచ్చికి మారారు. దాని పేరు మైక్రోస్విచ్చి.

మైక్రోస్విచ్చి సంగతి తెలియాలంటే మీ చెల్లెలి తల చూడండి. జుట్టుకు పెట్టుకునే టిక్‌టాక్ క్లిప్పు ఉన్నది కదా? దాన్ని మెల్లిగా, ఎంత మెల్లిగానైనా వంచండి. కొంతసేపు ఏమీ జరగదు. తరవాత ఉన్నట్టుండి "టిక్" మని అటు తిరుగుతుంది. సగం తిరిగి ఆగమంటే ఆగదు. తిరునాళ్లలో అమ్మే రేకు కప్ప బొమ్మ కూడా ఇంతే. దాని కడుపులోని ఉక్కు రేకు నొక్కితే ఒక చప్పుడు, వదిలితే ఒక చప్పుడు. మైక్రోస్విచ్చి కడుపులో ఉన్నది అలాటి స్ప్రింగు రేకే. 1932 లో అమెరికాలోని ఫ్రీపోర్ట్ అనే ఊళ్లో, ఒక బ్యాటరీల కంపెనీలో పనిచేసే పీటర్ మెక్‌గాల్ దీన్ని కనిపెట్టాడు. పైనున్న చిన్న మేకు వెంట్రుకవాసి దిగితే చాలు, లోపలి రేకు ఒక్క ఉదుటున అవతలి వైపుకు గెంతుతుంది. మనం ఎంత నెమ్మదిగా నొక్కినా అది గెంతే వేగం మారదు.

దీనిలో ఒక విశేషం ఉన్నది. టిక్కుమన్న చోటే అది తిరిగి విడిపోదు. బొత్తాన్ని అంతకంటె కొంచెం పైకి రానివ్వాలి, అప్పుడు గాని రేకు వెనక్కి గెంతదు. అందుచేత నొక్కానా, లేదా అన్న అనుమానం వేలికి ఉండదు. కాని రేకు స్విచ్చితో చేసినట్టు ఒకే చోట వేలిని వణికిస్తే మాత్రం గుళ్లు పేలవు.

అయితే ఏది కొనాలి? ఏ ఆట ఆడతారన్న దాన్ని బట్టి ఉంటుంది. 1987 లో జపానువారి "స్ట్రీట్ ఫైటర్" అనే మల్లయుద్ధం ఆట వచ్చింది. దాని మొదటి యంత్రాలకు రెండే రెండు పెద్ద రబ్బరు దిమ్మలు ఉండేవి. ఎంత గట్టిగా కొడితే తెర మీది వీరుడు అంత గట్టిగా గుద్దేవాడు. ఆడేవాళ్ల అరచేతులు వాచిపోవటం తప్ప దీనివల్ల వేరే లాభం కనిపించలేదు. చివరకు దిమ్మలు పోయి ఆరు బొత్తాలు వచ్చాయి: మూడు గుద్దులకు, మూడు తన్నులకు, మెల్లిగా, ఓ మోస్తరుగా, గట్టిగా. 1991 లో వచ్చిన రెండో "స్ట్రీట్ ఫైటర్" ఈ ఆరు బొత్తాలతోనే లోకమంతా పాకింది. ఈ ఆటల్లో ఒక్క నొక్కు కూడా వృథా కారాదు. తెర మీద సెకనుకు 60 బొమ్మలు మారుతాయి. ఒక్కొక్క బొమ్మ ఉండేది సెకనులో వెయ్యింట 17 వంతులు మాత్రమే. అలాటి నాలుగైదు బొమ్మలు గడిచేలోపల సరైన బొత్తాం పడకపోతే దెబ్బ తగలవలసినవాడు తప్పించుకుంటాడు. అందుచేత ఇలాటి ఆటలకు మైక్రోస్విచ్చిదే పైచెయ్యి అని నా అభిప్రాయం. అంతరిక్షనౌకల ఆటలు మాత్రమే ఆడేవాళ్లు రేకు స్విచ్చిలు వెతికి కొనుక్కోవటం దండగ కాదు. ఒకే బల్ల మీద అన్నీ ఆడాలంటే మైక్రోస్విచ్చే మేలు.

మైక్రోస్విచ్చిలు కూడా అన్నీ ఒక్కలా ఉండవు. జపానులో సాన్వా, సెయిమిత్సు కంపెనీలవారి బొత్తాలు పేరుపొందాయి. వాటి స్విచ్చి బొత్తాం లోపలే ఇమిడి ఉంటుంది. సాన్వా బొత్తాం మీద వేలు ఆనిస్తే చాలు, పలుకుతుంది. అమెరికా పద్ధతి బొత్తాలు పొడుగ్గా ఉంటాయి, స్విచ్చి అడుగున వేలాడుతుంది, దిగే దూరం ఎక్కువ, టిక్కు బాగా వినిపిస్తుంది. పక్క గదిలో ఎవరైనా నిద్రపోతూంటే ఈ చప్పుడు చిన్న విషయం కాదు. అలాటి ఇళ్ల కోసం లోపల మెత్త అమర్చిన నిశ్శబ్దపు బొత్తాలు కూడా దొరుకుతాయి.

బొత్తాం ఎంత బరువుకు పలుకుతుందో మీరే కొలవవచ్చు. ఒక తేలికపాటి కాగితపు కప్పును బొత్తాం మీద నిలబెట్టి, ఒరిగిపోకుండా పక్కనుంచి వేలు ఆసరా ఇవ్వండి. టానిక్కు సీసాతో వచ్చే కొలత మూతతో అయిదేసి మిల్లీలీటర్ల నీళ్లు పోస్తూ పోండి. ఒక మిల్లీలీటరు నీటి బరువు ఒక గ్రాము. టిక్కుమనగానే ఆపి, ఎన్ని మూతలయిందీ లెక్కపెట్టండి. కప్పు బరువు కూడా కలుపుకోవాలి సుమా! రేకు స్విచ్చి టిక్కుమనదు కాబట్టి దానికి ఒక టార్చి బల్బు, రెండు బ్యాటరీలు తగిలించి వెలిగినప్పుడు ఆపాలి. కింద ఒక పళ్లెం పెట్టటం మరవకండి.

ఈ లెక్క తమాషాకు కాదు. చేతుల్లో బలం లేని పిల్లలున్నారు, పక్షవాతం వచ్చిన పెద్దలున్నారు. వారిలో కొందరికి ఇరవై ముప్ఫై గ్రాముల తేడాలోనే ఆడగలగటం, ఆడలేకపోవటం ఉంటుంది. 2018 లో మైక్రోసాఫ్ట్ కంపెనీ ఇలాటివారి కోసం ఒక ఆటల పలక తయారుచేసింది. దాని వెనక వైపు హెడ్‌ఫోను తగిలించేటటువంటి రంధ్రాలు 19 ఉన్నాయి. ఒక్కొక్క రంధ్రానికి ఒక్కొక్క బొత్తాం తగిలించి, దాన్ని మోచేతి దగ్గరో, కాలి కిందో, చెంప పక్కనో పెట్టుకోవచ్చు. మనం ఇంటి బల్లకు కొనే గుండ్రని బొత్తాలను కూడా తగిన తీగ వేసి దానికి వాడుకోవచ్చు. మీ ఇంట్లోనో, మీ తరగతిలోనో అలాటివారుంటే నీళ్ల కప్పు పరీక్ష వారి బొత్తాంతోనే మొదలుపెట్టండి. మిగిలినవారి వేళ్లు దేనికైనా అలవాటు పడతాయి.

ఇక బల్ల సంగతి. జపాను బొత్తాలలో పెద్దవాటికి 30 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, చిన్నవాటికి 24. అమెరికావాటికి సుమారు 28.5. రంధ్రం వేశాక బొత్తాం కొనటం కన్న బొత్తాం కొని రంధ్రం వెయ్యటం తెలివి. రంధ్రాలు పెద్దవాళ్ల చేతనే వేయించాలి. బల్ల రేకుదో, పలచని ప్లాస్టిక్‌దో అయితే నొక్కగానే పట్టుకునే బొత్తాలు సరిపోతాయి. మందపాటి చెక్క అయితే కింద మరబిళ్ల బిగించేవి కొనాలి. నొక్కుడు బొత్తాల రెక్కలకు మందపాటి చెక్కలో పట్టు దొరకదు. ఆట మొదలుపెట్టే బొత్తాన్ని మిగతావాటికి దూరంగా, చిన్నదిగా పెట్టటం మంచిది. పోరు మంచి రసపట్టులో ఉండగా పొరపాటున అది నొక్కుకుంటే ఇంట్లో నిజమైన యుద్ధమే మొదలవుతుంది.

ప్రతి స్విచ్చికీ రెండు తీగలు కావాలి. అన్ని బొత్తాల రెండో కాలినీ కలుపుతూ ఒకే తీగ గొలుసులా పోతుంది. మొదటి కాలి నుంచి విడివిడిగా ఒక్కొక్క తీగ ఎన్‌కోడర్ అనే చిన్న పలకకు వెళుతుంది. కంప్యూటరు నుంచి దానికి వచ్చే విద్యుత్తు 5 వోల్టులే కనక భయం లేదు. మైక్రోస్విచ్చికి మూడు కాళ్లుంటే "ఎన్.ఓ." అని రాసి ఉన్నదాన్నీ, "కామ్" అన్నదాన్నీ వాడాలి, మూడోదానికి తగిలిస్తే నొక్కకుండానే నొక్కినట్టు అవుతుంది. నేల మీద పడిన గోలీ నాలుగైదు సార్లు ఎగిరినట్టే స్విచ్చి మొనలు కూడా తాకగానే రెండు మూడుసార్లు ఎగిరి తాకుతాయి. పలక ఆ కొద్దికాలం ఓపిక పట్టి, అన్నిటినీ ఒకే నొక్కుగా లెక్కపెడుతుంది. తీగ చివర తొడిగే క్లిప్పులు సాన్వావాటికి 2.8 మిల్లీమీటర్ల వెడల్పు, అమెరికావాటికి సాధారణంగా 4.8. తొడిగేటప్పుడే ప్రతి తీగకూ పేరు రాసిన చీటీ అంటించండి. లేకపోతే గెంతవలసిన వీరుడు అగాధం అంచున నిలబడి తుపాకి పేలుస్తాడు.