మీకు తెలుసా? వండకుండా ఎండబెట్టే మిషన్ కొనేముందు

కోలారు జిల్లా ఆండర్సన్‌పేట వాసులకు కోలారు టమాటా, శ్రీనివాసపురం మామిడి అందుబాటులోనే ఉంటాయి. వండని ఆహారం (రా ఫుడ్) తినేవారు వీటిని నిల్వ చేసుకోవడానికి డీహైడ్రేటర్ (ఎండబెట్టే మిషన్) కొనేటప్పుడు ఇవి చూసుకోవాలి.

• వేడి: రా ఫుడ్ పాటించేవారు సాధారణంగా 46–48 డిగ్రీల సెల్సియస్ దాటనివ్వరు. అందుకే 35 డిగ్రీల నుంచి వేడి మార్చుకునే థర్మోస్టాట్ ఉండాలి. ఆన్, ఆఫ్ స్విచ్ మాత్రమే ఉన్న మిషన్ పనికిరాదు.

• ఫ్యాన్: వెనకవైపు ఉంటే అన్ని ట్రేలకూ గాలి దాదాపు సమానంగా తగులుతుంది. అడుగున ఉంటే ట్రేలను మధ్యమధ్యలో పైకీ కిందికీ మారుస్తుండాలి.

• ట్రేలు: స్టీలువైతే కడగడం సులువు. పలుచని గుజ్జు పరిచే షీట్లు కూడా వస్తే, మామిడి తాండ్ర ఇంట్లోనే ఆరబెట్టుకోవచ్చు.

• టైమర్: టమాటాలో సుమారు 94 శాతం నీరే. తక్కువ వేడిలో ఆరడానికి రాత్రంతా పట్టవచ్చు, కాబట్టి టైమర్ ఉంటే మంచిది. అర సెంటీమీటరు మందం ముక్కలైతే త్వరగా ఆరుతాయి.

• కరెంటు: 500 వాట్ల మిషన్ 12 గంటలు ఆగకుండా పనిచేస్తే 6 యూనిట్లు.

జాగ్రత్త: ఇంత తక్కువ వేడి సూక్ష్మక్రిములను చంపదు. చేతులు, కత్తి, కాయలు శుభ్రంగా కడగండి. మెత్తగా, తడిగా ఉన్న ముక్కను సీసాలో పెట్టకండి. పూర్తిగా ఆరి, చల్లారాకే గాలి చొరని డబ్బాలో దాచండి.